పన్నెండింటి వంతు

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట. మూడూళ్ళకూ సముద్రం లేదు. ఉప్పునీళ్ళు చూడాలంటే బెజవాడ దాటి బందరు దాకా పోవాల్సిందే. అలాంటి మూడూళ్ళ పిల్లలు ముగ్గురు ఒకసారి ఒకే తెరచాప పడవెక్కి, రాత్రనక పగలనక సాగే సముద్రపు పందెంలో దిగారు. నీతి కథ కాబట్టి వాళ్ళకు పేర్లు పెట్టడం లేదు. పెట్టినా దండగే, పడవ మీద వాళ్ళను ఎవరూ పేర్లతో పిలవలేదు. "కోదాడా, ఆ మోకు బిగించు", "సూర్యాపేటా, టైమెంత?", "ఒరేయ్ మిర్యాలగూడా, లెగు!" అంటూ ఊళ్ళ పేర్లే వాళ్ళ పేర్లయ్యాయి.

ముగ్గురూ పడవ పని నేర్చింది హుస్సేన్ సాగర్‌లో. ఇందులో వింతేమీ లేదు. ఆ చెరువు మీద సైనికుల సెయిలింగ్ సంఘాలు ఏళ్ళ తరబడి పందేలు నడుపుతున్నాయి. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వచ్చాక సర్కారు బడి పిల్లలు కూడా లైఫ్ జాకెట్లు వేసుకుని నీళ్ళలోకి దిగారు. పైగా ఆ నీళ్ళు వీళ్ళకు పరాయివి కావు. హుస్సేన్ సాగర్ అలుగు పారితే మూసీలో కలుస్తుంది. మూసీ సూర్యాపేట పక్కన సోలిపేట దగ్గరి ప్రాజెక్టులో కాసేపు నిలిచి, కిందికి దిగి, మిర్యాలగూడకు దగ్గర్లోని వాడపల్లిలో కృష్ణలో పడుతుంది. కోదాడకు మాత్రం ఆ వాటా లేదు. దానికి బదులు హైదరాబాద్–విజయవాడ హైవే ఉంది.

కోదాడ కుర్రాడు ఆ హైవే పక్కనే పెరిగాడు. ఇంటి ముందు వాళ్ళదే టీకొట్టు. రాత్రి రెండింటికి లారీ ఆగినా, నాలుగింటికి ట్రావెల్స్ బస్సు ఆగినా లేచి స్టవ్ ముట్టించేవాడు. దాంతో వాడికొక గర్వం పట్టుకుంది, నిద్ర చేతగానివాళ్ళ వ్యవహారమని. చుక్కాని పట్టడంలో మాత్రం ముగ్గురిలో వాడే మొనగాడు. గాలి ఎటు మళ్ళబోతుందో వాడి చెంపకు ముందే తెలిసేది.

మిర్యాలగూడ కుర్రాడు కాల్వ కింద రైతు కొడుకు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్ళు వదిలిన నాటి నుంచీ ఆ ఊరి బతుకంతా వరి, రైసుమిల్లు. కానీ అందరి పొలాలూ కాల్వ మొదట్లో ఉండవు కదా. వీళ్ళది మేజరు కాల్వ చిట్టచివరి పొలం. ప్రాజెక్టులో నీళ్ళు తక్కువైన ఏడు వారబందీ పెడతారు, ఇన్ని రోజులు మీకు, ఇన్ని రోజులు వాళ్ళకు. మన వంతు నీళ్ళు అర్ధరాత్రి ఒంటిగంటకొస్తే ఒంటిగంటకే మడవ తిప్పుకోవాలి. వంతు రాకముందు మేలుకుని లాభం లేదు, వచ్చాక పడుకుంటే పొలం నెర్రెలిస్తుంది. అందుకే వాడికి చిన్నప్పుడే ఒక విద్య పట్టుబడింది. గట్టు మీద గోనెపట్టా పరుచుకుని హాయిగా నిద్రపోవడం, పక్క పొలం పెద్దయ్య వచ్చి కాలు తడితే కళ్ళు నులుముకోకుండానే పార అందుకోవడం.

సూర్యాపేట అమ్మాయి గురుకులంలో చదివింది. హాస్టల్లో ఏ పిల్లకు జ్వరమొచ్చినా ఆ పిల్ల పని కూడా తనే చేసి పెట్టేది. లెక్కలో, రాతలో, టైములో ఆమె తర్వాతే ఎవరైనా. అందుకే పడవ లాగ్‌బుక్ ఆమె చేతికొచ్చింది, ఒక వాచ్‌కు, అంటే కాపలా జట్టుకు, పెత్తనమూ వచ్చింది. మనసు మెత్తన. ఈ మెత్తదనం దగ్గరికే కథ వస్తుంది, కాస్త ఆగండి.

పడవ పెద్ద విశాఖ మనిషి, నేవీలో చేసి రిటైరైనవాడు. పిల్లలు సార్ అనేవాళ్ళు. ఆయన మామూలప్పుడు నాయనా, తల్లీ అనేవాడు, కోపమొస్తేనే ఊరి పేరు.

పందెం కొచ్చి నుంచి గోవాకు. మన నౌకాదళం 2021 నవంబరులో ఈ దారినే ఆరు తెరచాప పడవలతో పందెం నడిపింది. సుమారు 360 నాటికల్ మైళ్ళు, అంటే 660 కిలోమీటర్ల పైమాట. మన కథలోది ఆ పందెం కాదు గానీ దారి అదే అనుకోండి. పడవ 40 అడుగులది, మనుషులు పెద్దాయనతో కలిపి ఏడుగురు.

ఇక్కడ పడవ మీద రాత్రి ఎలా గడుస్తుందో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ముగ్గురు పైన, ముగ్గురు కింద. పన్నెండు నుంచి మూడు దాకా తారుమారు. మూడు నుంచి ఆరు మళ్ళీ తారుమారు. ఇదే వాచ్. పెద్దాయన ఏ వాచ్‌లోనూ లేడు, అవసరం పడితే అన్నిట్లోనూ ఉంటాడు. సూర్యాపేట, కోదాడ ఒక వాచ్. మిర్యాలగూడ రెండోది. మార్పుకు పావుగంట ముందే కిందివాళ్ళను లేపాలి, పెద్దాయనకూ ఒక మాట చెప్పాలి. లేచినవాళ్ళు జాకెట్, నడుముకు హార్నెస్ బిగించుకుని, దాని తాడు కొక్కెం పడవకు తగిలించి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఊరికే కూర్చోవాలి. అందుకే లోపల తెల్ల లైటు వేయరు, ఎర్ర లైటే. తెల్ల వెలుతురు ఒక్కసారి కంట్లో పడితే చీకట్లో మళ్ళీ చూపు కుదురుకోవడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. దిగేవాడు ఎక్కేవాడికి నాలుగు మాటలు అప్పజెప్పాలి. దిక్సూచి మీద ఏ అంకె పట్టుకుని పోతున్నాం, గాలి ఎటునుంచి, చుట్టూ ఎన్ని దీపాలున్నాయి, వాటిలో ఏది దగ్గరికొస్తోంది. ఎక్కేవాడు ఆ నాలుగూ తిరిగి పలకాలి. అప్పుడే చుక్కాని చేతులు మారాలి.

ఇంకో సంగతి వింటే కొత్తవాళ్ళకు నవ్వొస్తుంది. గాలికి పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు గాలి వచ్చే వైపు అంచు మీద, కాళ్ళు బయటికి వేలాడేసి, జనం వరసగా కూర్చుంటారు. ఆ బరువుకు పడవ నిటారవుతుంది, నిటారైన పడవ వేగంగా పోతుంది. నిద్రపోయేవాళ్ళకూ ఇదే రూలు. వాళ్ళూ గాలివైపు పడకలోనే పడుకోవాలి. పడవ మళ్ళి గాలి అవతలి వైపుకు వస్తే దుప్పటి చంకన పెట్టుకుని వాళ్ళూ అటు మారాలి. అంటే గుర్రుపెట్టేవాడు కూడా పందెంలో ఉన్నట్టే లెక్క. మిర్యాలగూడ కుర్రాడికి ఇది తెగ నచ్చింది. "నేను పండుకుంటె గూడ పడవ ఉరుకుతదన్నట్టు!" అని మురిసిపోయాడు.

మొదటి రాత్రి ఎవరూ నిద్రపోలేదు. పడవ చీల్చిన నీళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి. సముద్రంలోని కంటికానని జీవాలు నీళ్ళు కదిలితే అలా వెలుగుతాయి. హుస్సేన్ సాగర్‌లో ఇలాంటిది ఎవరు చూశారు గనక! పెద్దాయన కూడా పోనీలే అన్నాడు.

మర్నాడు పగలంతా మిర్యాలగూడకు వాంతులు. పగటి నిద్ర ఎవరికీ పట్టలేదు. కోదాడ అసలు ప్రయత్నమే చేయలేదు. "కింద పడుకో నాయనా" అని పెద్దాయన అంటే, "నాకు నిద్ర రావట్లా సార్, హైవే పక్కన పుట్టినోణ్ని" అన్నాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇలాంటి మాటకు చప్పట్లు కొట్టని ఊరు మనకు ఎక్కడుంది?

రెండో రాత్రి. తొమ్మిదింటికి సూర్యాపేట, కోదాడ పైకెక్కారు. నవంబరులో ఆ తీరాన పగలు సముద్రం మీంచి గాలి వీస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి తిరగబడి ఒడ్డు మీంచి వస్తుంది. ఆ నేలగాలి బాగా అందాలంటే ఒడ్డుకు దగ్గరగా పోవాలి. ఒడ్డుకు దగ్గరైతే జాలర్ల వలలు. లాభమూ ప్రమాదమూ ఒకే నీళ్ళలో ఉంటాయి, ఎంత దగ్గరగా పోవాలో తేల్చేది చుక్కాని పట్టినవాడి కన్ను.

పదకొండున్నరకు ముందు దూరంగా ఒక తెల్ల దీపం కనిపించింది. అది ముందున్న పడవ వెనక దీపం. కోదాడ నడుము వంచాడు. గాలి ఒక చిటికెడు పెరిగినప్పుడల్లా పడవను దానికి అందిస్తూ, తగ్గినప్పుడల్లా బతిమాలుతూ, ఆ దీపాన్ని కొద్దికొద్దిగా దగ్గరికి లాక్కొస్తున్నాడు. నిజంగా చూడముచ్చటైన పని.

పన్నెండుకు పావుగంట ఉందనగా సూర్యాపేట లేచింది.

"ఇప్పుడు మార్చొద్దక్కా. పడవ చేతికొచ్చింది. ఇంకో గంట ఆగు."

ఆమె ఏమీ అనకుండా కిందికి దిగింది. ఎర్ర లైటులో మిర్యాలగూడ మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. తలదగ్గర బకెట్. వాడికి కన్ను మూతపడి గంట కూడా కాలేదని ఆమెకు తెలుసు. వాడి భుజం దాకా చెయ్యి చాచి, ఆగింది. "పాపం, పండుకోనీ" అనుకుంది. పెద్దాయన పడక వైపు చూసింది. ఆయన్ను లేపితే వాచ్ ఎందుకు మారలేదని అడుగుతాడు. ఆయన్నీ లేపలేదు. చెక్కమెట్ల మీద చప్పుడు కాకుండా పైకొచ్చేసింది.

ఒంటిగంటకు ఆ దీపాన్ని దాటేశారు. గుసగుసగా కేరింతలు కొట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరికీ మాటలు రాలేదు. సూర్యాపేట లాగ్‌బుక్‌లో ఒంటిగంట పద్దు రాసింది. కాసేపటికి మళ్ళీ ఒంటిగంట పద్దే రాసింది. రెండుసార్లు రాశానని ఆమెకు తెలియలేదు. కోదాడ దిక్సూచి అంకె అడిగితే సరిగ్గానే చెబుతున్నాడు గానీ, పడవ వెనక మెరిసే పచ్చని చార మాత్రం పాము పాకినట్టు వంకర్లు పోతోంది.

రెండున్నరకు నీళ్ళ మట్టాన ఒక చిన్న దీపం మిణుకు మిణుకుమంది.

"ఒడ్డు మీద దీపం అక్కా."

"ఆఁ" అంది ఆమె.

ఒడ్డు కుడివైపున ఉంది. దీపం ఎదురుగా ఉంది. ఇద్దరు తెలివైన పిల్లలు, నాలుగు మంచి కళ్ళు, ఆ తేడా ఎవరికీ తట్టలేదు.

గుద్దుకున్న చప్పుడేమీ రాలేదు. పడవ మెల్లగా బరువెక్కి, ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు నిలబడిపోయింది. వల పైతాడు కింద, పడవ అడుగు రెక్క అయిన కీల్‌కూ చుక్కానికీ మధ్య ఇరుక్కుంది. తెరచాపలు ముందుకు లాగుతున్నాయి, తాడు వెనక్కి లాగుతోంది, పడవ ఒరిగిపోతోంది. కోదాడ ఎగిరి లేచాడు. కత్తి తీశాడు. నడుము తాడు అడ్డొస్తోందని కొక్కెం ఊడబీకి, వెనక అంచు మీంచి ఒక కాలు నీళ్ళ వైపు వేశాడు. తాడు కోసెయ్యాలన్నది వాడి ఆలోచన. చీకట్లో, తాడు లేకుండా, తెరచాపలు నిండుగా ఉన్న పడవ నుంచి. అది ఒక్కసారి విడిపోతే వాణ్ని అక్కడే వదిలేసి పరుగెత్తేది.

అప్పుడే మిర్యాలగూడ పైకొచ్చాడు, వెనకే పెద్దాయన. మిర్యాలగూడ కడుపు ఖాళీగా ఉంది గానీ బుర్ర తేటగా ఉంది. మొదట వంగి కోదాడ కొక్కెం టక్కున మళ్ళీ తగిలించాడు. "ఎక్కడికి పోతున్నవ్‌రా? ముందు చాపలు దించుదాం, గుంజుడు ఆగుతది" అన్నాడు. దించారు. పడవ గుంజులాట ఆగింది, తాడు వదులైంది. పెద్దాయన టార్చి పట్టాడు. పొడవాటి కొక్కెం కర్రతో తాడును నీళ్ళలోకి లోతుగా నొక్కి, చుక్కాని అడుగునుంచి జార్చాలని చూశారు. ఒకసారి జారింది, అల వచ్చి మళ్ళీ తగులుకుంది. కోద్దామా అన్నారెవరో. "వద్దు. ఎవని కూడో అది" అన్నాడు మిర్యాలగూడ. చివరికి తాడు వదిలేసరికి మూడున్నర కావస్తోంది. ఈలోగా వెనకనుంచి వరసగా దీపాలు దాటిపోయాయి. మొదట దాటిపోయింది, వీళ్ళు కష్టపడి దాటొచ్చిన పడవే.

తెల్లారాక, టీ గ్లాసులు చేతికొచ్చాక, పెద్దాయన అడిగాడు. "తప్పెవరిది?"

"నాదే సార్" అన్నాడు కోదాడ.

"నీదే. కాదని ఎవరన్నారు? కానీ నిద్ర చాలనోడికి చాలలేదని తెలీదు నాయనా. తెలిస్తే పడుకునేవోడు కదా. అందుకే వాడి నిద్ర సంగతి వాడికి వదిలెయ్యకూడదు, గడియారానికి అప్పజెప్పాలి. ఆ గడియారం ఎవరి చేతిలో ఉంది?"

సూర్యాపేట తల దించుకుంది. "వానికి వాంతులైనయి సార్. పాపమని..."

"వాంతులైతే నన్ను లేపాలి తల్లీ. వాడి బదులు నేనెక్కేవోణ్ణి. వంతు మార్చొచ్చు, మాయం చేయకూడదు. కింద ముగ్గురికి నువ్వు దానం చేసిన నిద్ర ఎక్కడనుంచి తెచ్చావు? పైన ముగ్గురి దగ్గర్నుంచి లాక్కొచ్చావు. అందులో నీదీ ఉంది. ఒంటిగంట పద్దు రెండుసార్లు రాశావు, చూసుకున్నావా?"

మిర్యాలగూడ టీ చప్పరిస్తూ ముసిముసిగా నవ్వుతున్నాడు. రాత్రి హీరో తనే కదా.

"ఏటిరా మిర్యాలగూడా, నవ్వుతున్నావు? పన్నెండున్నరకు నీ పడక కిర్రుమంది."

వాడి నవ్వు మాయమైంది. "మెలకువొచ్చింది సార్. టైం చూసిన. పైన మాటలినబడుతున్నయి. పిలుస్తలేరు గదా అని... మళ్ళ పండుకున్న."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు కోదాడ, మొహమాటంగానే, అడగాల్సింది అడిగాడు. "కిర్రుమన్నది మీకెట్లా తెలుసు సార్?"

పెద్దాయన గ్లాసు పక్కన పెట్టాడు. "విన్నాను. వాచ్ మారుతోందనుకుని అటు తిరిగి పడుకున్నాను. లేచి చూడలేదు. సూర్యాపేటా, లాగ్‌బుక్ తియ్యి. నాలుగు పేర్లూ రాయి. నాది పైన."

మూడో రాత్రి పన్నెండుకు పావుగంట ముందు సూర్యాపేట మిర్యాలగూడ కాలు పట్టి గుంజింది, పెద్దాయన పడక తట్టింది. కోదాడ నాలుగు మాటలూ అప్పజెప్పి కిందికి దిగి, దుప్పటి కప్పుకోకముందే గుర్రుపెట్టాడు. గాలివైపు పడకలోనే.

పందెంలో వాళ్ళకు నాలుగో స్థానం వచ్చింది. బహుమతులు మూడు.

నీతి: వంతు అయినా దిగనివాడూ, వంతు వచ్చినవాణ్ని లేపనివాడూ, లేపలేదు కదా అని మళ్ళీ ముసుగు తన్నినవాడూ కలిసే పడవను వలలోకి తోలతారు.

ఈ కథ ఎవరికి చెప్పినా నీతిని కోదాడ నెత్తిన రుద్ది వదిలేస్తారని నాకు తెలుసు. అతి చేశాడు, అనుభవించాడు అంటారు. నా లెక్క వేరు. పన్నెండింటికి కోదాడ ఒళ్ళు తెలియని ఉత్సాహంలో ఉన్నాడు. స్పృహలో ఉన్నది సూర్యాపేట. ఆమె చేసింది మనమంతా మంచితనం అని పిలిచే పని. అందుకే అది పట్టుబడదు. ఆస్పత్రిలో తల్లి మంచం పక్కన ఒకే కూతురు వారం రోజులు జాగారం చేస్తుంది. అన్న ఫోన్ చేసి "నేను రానా?" అంటాడు, "వద్దులే అన్నా, నీకు డ్యూటీ ఉంది కదా" అంటుంది, ఆయనా సరేనంటాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఎనిమిదో రోజు డాక్టరు చెప్పిన మందు మోతాదు ఆ అమ్మాయి చెవికెక్కదు.

పడవల మీద ఈ విషయంలో మొహమాటాలుండవు. 2017 సెప్టెంబరు 10న భూగోళం చుట్టడానికి గోవా నుంచి బయలుదేరిన తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణిని తలుచుకోండి. ఆరుగురు నేవీ మహిళా అధికారులు, నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖ నుంచి స్వాతి. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్ రేవుల్లో ఆగుతూ, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను చుట్టి, దారిలో చుక్కాని యంత్రం మొరాయిస్తే మారిషస్‌లో బాగుచేయించుకుని, 254 రోజులకు 2018 మే 21న ఇంటికొచ్చారు. దాదాపు 21,600 నాటికల్ మైళ్ళు. అది పందెం కాదు. అదే తారిణి 2023లో కేప్ టౌన్ నుంచి బ్రెజిల్‌లోని రియో దాకా సాగే పందెంలో కూడా పరుగెత్తింది. ఇలాంటి ప్రయాణాల్లో ప్రతి రాత్రీ ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి, అందుకోసం ఎవరో ఒకరు నిద్రపోయి తీరాలి. ఎనిమిది నెలలపాటు "పాపం, పండుకోనీ" అనుకుంటూ పోతే పసిఫిక్ తుపానులో చుక్కాని పట్టడానికి మనిషి మిగలడు. ఒంటరిగా భూగోళం చుట్టే అభిలాష్ టామీ లాంటివాళ్ళ కథ వేరు. వాళ్ళు అలారం పెట్టుకుని నిద్రను తునకలు తునకలుగా తీసుకుంటారు, లేపే మనిషి లేడు కాబట్టి. మనకు మనుషులున్నారు.

పెద్దాయన చెప్పిన నిద్ర చాలనివాడి సంగతికి కొలత కూడా ఉంది. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి కన్నూ చెయ్యీ కలిపి చేసే పని, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనిలా మందగిస్తుంది. 24 గంటలు మేలుకుంటే అది 0.10 శాతంతో సమానం. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితేనే కేసు. పొద్దున ఆరింటికి లేచి, పగలంతా పనిచేసి, రాత్రి పదకొండుకు హైదరాబాద్ ఎల్బీనగర్‌లో స్టీరింగ్ పట్టినవాడు ఒక్క చుక్క తాగకపోయినా ఆ గీత దాటేసినట్టే. చౌటుప్పల్ దాటేసరికి అర్ధరాత్రి, సూర్యాపేటకు ఒంటిగంట దాటుతుంది, కోదాడ చేరేసరికి మన కథలో వలదీపం కనిపించిన వేళ దగ్గరపడుతుంది. నోట్లో గొట్టం పెట్టి ఊదిస్తే మిషన్ సున్నా చూపిస్తుంది. నిద్రను పట్టే మిషన్ మన పోలీసుల చేతిలో లేదు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది. మిర్యాలగూడ మిల్లు దగ్గర బియ్యం లోడు ఎత్తుకుని రాత్రికి రాత్రి పోయే లారీ మీద ఆ గీత ఎంత కనిపిస్తుందో ఆ దారిన తిరిగేవాళ్ళకు తెలుసు. వెనకటికి లారీలో క్లీనరైనా ఉండేవాడు, కబుర్లు చెప్పి మేలుకొలిపేవాడు, అవసరమైతే తిట్టేవాడు. ఖర్చు దండగని చాలామంది ఆ మనిషిని తీసేశారు. సొంత కార్లలో మనిషి ఉంటాడు గానీ వెనక్కి వాలి నిద్రపోతాడు. పెళ్ళి భోజనాలయ్యాక, "తెల్లారేసరికి ఇంట్లో ఉందాం" అని బయలుదేరే బండిలో అయిదుగురికి మెలకువ బాధ్యత లేదు, ఒక్క అల్లుడికే ఉంది. పన్నెండున్నరకు మెలకువొచ్చి మళ్ళీ పడుకున్న మిర్యాలగూడలు ఆ బండిలో నలుగురైనా ఉంటారు.

పెళ్ళిళ్ళ రోజుల్లో హైదరాబాద్–విజయవాడ హైవే మీద రాత్రి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు ఒక్క మనవి. బయలుదేరే ముందే ఎవరి వంతు ఎక్కడిదాకానో పైకి అనుకోండి. డ్రైవింగ్ వచ్చినవాళ్ళు ఇద్దరుంటే సూర్యాపేటలో సీట్లు మారండి, రెండోవాడు అప్పటిదాకా వెనక సీట్లో నిజంగా నిద్రపోవాలి. ఒక్కడే ఉంటే ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు టైము చూస్తూ ఉండండి, స్టీరింగ్ పట్టినవాడు రెండోసారి ఆవలించగానే వెలుతురున్న చోట బండి పక్కకు తీయించి అరగంట పడుకోబెట్టండి. వాడు వద్దంటాడు, కోదాడ దగ్గరే కదా అంటాడు. వినకండి.